షామియానా గుంజ

ఢిల్లీ నుంచి పెద్దమనుషులు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ షెడ్డులో మాటల తీరు మారింది. అంతకుముందు రోటరు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు కుర్చీల గురించీ, పూలదండల గురించీ, ఫలహారంలో జీడిపప్పు పకోడీ ఉండాలా వద్దా అన్నదాని గురించీ మాట్లాడుకుంటున్నారు. విశాలాక్షి ఆ మాటలు వింటూనే, బ్లేడు మొదట్లో అంటించిన సన్నటి తీగల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుంటోంది.

యూనివర్సిటీలో ఇంజనీరింగు భవనాల వెనక, బండల మధ్య చదును చేసిన జాగాలో ఉంది ఆ షెడ్డు. ఒక్క మనిషి ఎక్కి ఎగరగలిగే చిన్న హెలికాప్టరు తయారుచెయ్యాలని ప్రొఫెసరు కొండలరావు గారు మొదలుపెట్టిన పని అది. హెలికాప్టరు ఇంకా కాగితం మీదే ఉంది. తయారైంది పైన తిరిగే రోటరు ఒక్కటే. కర్రబద్దలు జిగురుతో ఒకదానిమీద ఒకటి అతికించి, చిత్రిక పట్టి, పైన గాజునార గుడ్డ చుట్టి, రోజుల తరబడి ఉప్పుకాగితంతో రుద్ది చేసిన రెండు పొడుగాటి బ్లేడ్లు. వాటిని ఇనప టవరు మీద బిగించి పాత లారీ ఇంజనుతో తిప్పుతారు. తిరిగేటప్పుడు బ్లేడు ఎంత వంగుతోందో ఆ తీగల సాయంతో కొలిచి చెప్పడం విశాలాక్షి పని. కాకినాడలో పెరిగి, ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, ఇక్కడ రీసెర్చి అసిస్టెంటుగా చేరింది. షెడ్డు మొత్తానికి ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఫిట్టరు లక్ష్మయ్య ఆమెకంటే వయసులో చాలా పెద్ద. భువనగిరి దగ్గరి పల్లెనుంచి వచ్చి ముషీరాబాద్‌లో కాపురం పెట్టినవాడు. ఏళ్ళు గడిచినా రోజుకూలీ కిందే ఉన్నాడు. ఆమె చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం తినడానికి చోటు లేక ఎండలో రాతిమీద కూర్చోవడం చూసి, ఎవరూ అడక్కుండానే షెడ్డు మూలన రేకులతో చిన్న గదిలాగా కట్టి, లోపలివైపు గడియ బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత దాని మాటే ఎత్తలేదు.

ఆ వారమంతా ఇద్దరూ బ్లేడ్ల దారి సరిచూసే పనిలోనే ఉన్నారు. రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరగాలి. ఒకటి కాస్త పైనా ఒకటి కిందా తిరిగితే టవరంతా వణుకుతుంది. ఒక బ్లేడు కొసకి నీలం సుద్ద, రెండోదానికి ఎర్ర సుద్ద పూసి, నెమ్మదిగా తిప్పుతూ, కర్రకి కట్టిన తెల్లగుడ్డని అంచుదాకా తీసుకెళ్ళి తాకించాలి. గుడ్డమీద రెండు గీతలు పడతాయి. వాటిమధ్య దూరాన్నిబట్టి మొదట్లో ఉన్న మరలు సర్దాలి. లక్ష్మయ్య గుడ్డ తాకిస్తే ఆమె గీతలు చూసేది. చివరికి నీలమూ ఎరుపూ ఒకదానిమీద ఒకటి పడి ఊదారంగు గీత వచ్చింది. లక్ష్మయ్య ఆ గుడ్డని మడిచి ఆమె చేతికిచ్చి బీడీ ముట్టించుకోవడానికి బయటికి వెళ్ళాడు.

కొండలరావు గారు ఏదీ చెయ్యమని నోటితో చెప్పరు. వస్తారు, నిలబడతారు, చూస్తారు, నాలుక చప్పరిస్తారు. మిగతాది పక్కనున్నవాళ్ళు అర్థం చేసుకోవాలి. టవరు చుట్టూ మనిషెత్తుకు మించి ఇసకబస్తాల గోడ ఉండేది. తిరిగేటప్పుడు ఏది ఊడి ఎగిరినా ఆ బస్తాల్లో దిగబడాలని కట్టారు. ఆయన షామియానా వేసేవైపు వచ్చి నిలబడి, ఇక్కణ్ణుంచి వాళ్ళకేం కనిపిస్తుందయ్యా అని వెళ్ళిపోయారు. మర్నాటికి ఆ వైపు బస్తాలు నడుమెత్తుకి దిగాయి. దించమన్నది ఎవరంటే ఎవరూ లేరు.

బోల్టుల సంగతీ అలాగే జరిగింది. బరువు సరితూగడానికి బ్లేడు కొసన ఒక ఉక్కుబిళ్ళ బిగిస్తారు. దాన్ని పట్టి ఉంచే గట్టి బోల్టులు బెంగుళూరు నుంచి రావాలి. రాలేదు. ఆ మాట చెబితే కొండలరావు గారు గోడమీది క్యాలెండరు వైపు చూశారు. షెడ్డులో ఉన్న మామూలు కడ్డీతోనే బోల్టులు చేసి బిగించారు. ఇంజను నడిపేది లెక్చరరు ఉమాపతి. వేగం పెంచకపోతే ఇబ్బంది ఉండదన్నాడతను. విశాలాక్షి సరేనంది.

పెద్దమనుషులు వచ్చిన రోజున గాలి ఎక్కువగా ఉంది. నలుగురైదుగురు వచ్చారు, సూట్లలో. దండలు పడ్డాయి. కొండలరావు గారు ఇంగ్లీషులో మన దేశం, మన చేతులు, మన చెక్క అంటూ మాట్లాడారు. ఉమాపతి ఇంజను స్టార్టు చేశాడు. బ్లేడ్లు మొదట ఒక్కొక్కటిగా కనిపించి, తర్వాత కలిసిపోయి బూడిదరంగు పళ్ళెంలా అయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కొండలరావు గారు ఉమాపతి వైపు చూసి బొటనవేలు కొద్దిగా పైకెత్తారు. మోత పెరిగింది. విశాలాక్షి ముందున్న మీటరు ముల్లు వాళ్ళెప్పుడూ దాటని గీతని దాటింది. ఆమె ఉమాపతికేసి చూసింది. అతను ఇటు చూడలేదు.

రోటరు గాలికి షామియానా గుడ్డ లేచి కొట్టుకోసాగింది. బస్తాల పక్కనే పాతిన గుంజ ఊగిపోతోంది. గుడ్డ అంచు వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి తలమీద పడింది. ఆయన నవ్వుతూనే తోసేసుకున్నాడు గానీ కొండలరావు గారి మొహం మాడిపోయింది. విశాలాక్షి వైపు తిరిగి, ఆ గుంజకేసి కళ్ళతో చూపించి, నాలుక చప్పరించారు. ఆ మోతలో మాట వినపడదు. ఆమె తల తిప్పి, బస్తాల వెనక నిలబడ్డ లక్ష్మయ్యని చూసి, చేత్తో గుంజవైపు సైగ చేసింది. లక్ష్మయ్య వంగి పరిగెత్తుతూ వెళ్ళి గుంజని రెండుచేతులా వాటేసుకుని నిలబడ్డాడు. గుడ్డ కదలడం ఆగింది.

తర్వాత పెద్ద చప్పుడేం రాలేదు. ఎండుకొమ్మ విరిగినట్టు టప్పుమంది. టవరు ఒక్కసారిగా ఊగిపోయింది. ఉమాపతి ఇంజను కట్టేశాడు. షామియానా ఆ పక్క కూలిపోయింది. గుడ్డ కింద ఎవరో కదులుతున్నారు. విశాలాక్షి పరిగెత్తుకెళ్ళి గుడ్డ లాగేసరికి లక్ష్మయ్య మోకాళ్ళమీద కూర్చుని, తన ఎడమచేతిని కుడిచేత్తో ఒళ్ళో పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూస్తున్నాడు. మోచేతి కింద చెయ్యి చెయ్యిలా లేదు. బ్లేడు కొసనుంచి ఊడొచ్చిన ఉక్కుబిళ్ళ పక్కనే మట్టిలో దిగబడి ఉంది.

కొండలరావు గారు ముందు వరస దగ్గరికి వెళ్ళి ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. అందర్నీ కార్లెక్కించి గెస్ట్‌హౌసుకి పంపించారు.

విశాలాక్షి జీపులో లక్ష్మయ్యతోపాటు సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి వెళ్ళింది. చెయ్యి తీసెయ్యక తప్పదన్నారు. సాయంత్రం తన సంచి కోసం తిరిగొచ్చేసరికి షెడ్డుముందు కుర్చీలు ఎత్తేశారు. కూలిన షామియానా గుడ్డ అలాగే పడి ఉంది. దాని కొసన కూర్చుని ఇద్దరు వంటవాళ్ళు మిగిలిపోయిన పకోడీలు విస్తట్లో పెట్టుకుని తింటున్నారు. వాళ్ళకు రెండు చేతుల దూరంలో, గుడ్డమీద నల్లబడిన మరకల్ని ఈగలు ముసురుతున్నాయి. రండమ్మా, తినండి, బోలెడు మిగిలిందన్నాడు ఒకతను మర్యాదగా. ఆమె రేకులగది వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది.

మర్నాడు కొండలరావు గారు పిలిపించారు. గది నిండా నిన్నటి దండల వాసన. మురిగిపోతున్న బంతిపూల వాసన అగరొత్తులతో కలిసి గొంతులో అడ్డంపడుతోంది. ఆయన మంచినీళ్ళు తాగారు, రుమాలుతో పెదాలు అద్దుకున్నారు. లక్ష్మయ్య సంగతి చాలా బాధగా ఉందన్నారు. రాత్రి నిద్ర పట్టలేదన్నారు. యూనివర్సిటీ వాళ్ళు విచారణ కమిటీ వేస్తున్నారనీ, అదేదో మామూలుగా జరిగేదేననీ చెప్పారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, తిరుగుతున్న యంత్రం దగ్గరికి ఎవరూ పోకూడదని అందరికీ తెలిసిన విషయమే కదా అన్నారు. అలవాటైన మనుషులు ఒక్కోసారి జాగ్రత్త మర్చిపోతారు. చనువు ఎక్కువైతే యంత్రం ఊరుకోదు.

విశాలాక్షి అంది, "అతను తనంతట తను పోలేదు సార్."

"నేననలేదే అమ్మాయ్. నేనేమీ అనలేదు." ఆయన ఆమెకేసి దయగా చూశారు. "నీ థీసిస్ ఎంతవరకు వచ్చింది?"

ఆమె బయటికొచ్చేసరికి వరండాలో ఉమాపతి కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ మెట్లు దిగుతుండగా అతను మెల్లిగా చెప్పాడు. లక్ష్మయ్య పర్మనెంటు కాదు. రూలు తప్పి తనే దగ్గరికి పోయాడని తేలితే నష్టపరిహారం రాదు, నిజమే. కానీ సారు ఏదో ఒకటి చేస్తారు. తన చేతికింది మనిషి కాబట్టి చేస్తారు. ఎదురుతిరిగితే ఎవరికీ ఏమీ ఉండదు. ప్రాజెక్టు మూసేస్తారు, అంతే. మరి బొటనవేలు చూసి వేగం పెంచిన సంగతి చెబుతారా అని విశాలాక్షి అడిగింది. ఉమాపతి మెట్టుమీద ఆగి, ఏ బొటనవేలండీ అన్నాడు. అతని మొహంలో కపటం కూడా లేదు. నిజంగానే మర్చిపోయినవాడిలా ఉన్నాడు. అది చూస్తే ఆమెకి జిడ్డు చెయ్యి ఎవరో మొహానికి రాసినట్టనిపించింది.

తార్నాకలో రైల్వే లైనుకు ఇవతల రెండు గదుల వాటాలో తల్లి వెంకటరమణమ్మతో ఉంటోంది విశాలాక్షి. ఆ సాయంత్రం పెరుగన్నం ముందు పెట్టుకుని కలుపుతూనే ఉంది. తల్లి జరిగిందంతా విని, కొండలరావు గారు మనవాళ్ళేనమ్మా, ఇంత దూరంలో మనకున్నది ఆయనొక్కరే అంది. అడిగినప్పుడు చూడలేదని చెప్పు, అబద్ధం కూడా కాదు, అంత మోతలో ఎవరు ఏం చూస్తారు అంది. ఎంతో మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టుగా అందామాట. విశాలాక్షి కంచం తీసుకెళ్ళి పెరట్లో కుక్కకి వేసి వచ్చింది. ఆ రాత్రే నిశ్చయించుకుంది. కమిటీ ముందు మొత్తం చెప్పేస్తుంది. బస్తాలు, బోల్టులు, బొటనవేలు, గుంజ. సారే పంపించారని చెప్తుంది.

అలా అనుకున్నాక మనసు తేలికపడింది. ఎవరిమీదో కోపం ఉండడం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడామెకు తెలియలేదు.

మూడోరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్ళింది. మగవాళ్ళ వార్డులో చివరి మంచం లక్ష్మయ్యది. ఫినాయిలు వాసన, దాని అడుగున ఇంకేదో వాసన. భార్య అమృతమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. విశాలాక్షిని చూడగానే లేచి, కొంగుతో స్టూలు తుడిచి వేసింది. ఆఫీసునుంచి మీరొక్కరే వస్తున్నరమ్మా, షెడ్డోళ్ళు ఇంకెవరు తొంగి చూడలే అంది. తర్వాత మొగుడివైపు చూపించి, మీరైనా అడగండమ్మా, గంత పెద్ద మిషను తిరుగుతుంటే గాడికి ఎందుకు పోవాలె, ఎవరన్న పొమ్మన్నరా, పెద్దోళ్ళ ముంగట చలాకీ చూపిద్దామనుకున్నడు అంది. మూడురోజుల నుంచి అదే అంటోందని ఆ గొంతు వింటేనే తెలుస్తోంది. లక్ష్మయ్య పైకప్పు చూస్తూ పడుకున్నాడు. దుప్పటి మీద ఎడమవైపు కట్టు మొండిగా ఉంది.

అమృతమ్మ గ్లాసు కడుక్కురావడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. విశాలాక్షి స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"లక్ష్మయ్యా, రేపు నన్ను కమిటీ పిలిచింది. సారే నిన్ను పంపించారని చెప్పేస్తాను. నువ్వు భయపడొద్దు. నీకు రావలసింది వస్తుంది."

లక్ష్మయ్య తల తిప్పి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమెను నొప్పించే మాటేదో అనబోతున్నట్టు ముందుగా తనే నొచ్చుకున్నాడు.

"సారు నాతోని మాట్లాడలేదమ్మా. నేను సారు దిక్కు చూడనే లే. మీరు చెయ్యి చూపిండ్రు, నేను పోయిన."

విశాలాక్షి నోరు తెరిచింది. సారు తనతో అన్నారని చెప్పబోయింది. కానీ ఆయన అనలేదు. నాలుక చప్పరించారు. అనుకోకుండానే ఆమె తన కుడిచేతిని చూసుకుంది. బత్తాయిల సంచి తాళ్ళు వేళ్ళకి చుట్టుకుని ఉన్నాయి.

"నిన్న మాపటికి కమిటోళ్ళు వచ్చి అడిగిండ్రు," అన్నాడు లక్ష్మయ్య నెమ్మదిగా. "నా అంతట నేనే పోయిన అన్న. మీ పేరు చెప్తే మీ నౌకరి పోతది. ఆడమనిషి, గింత దూరం వచ్చి చేస్తున్నరు. సారు పేరు చెప్దామంటే అది నిజం గాదాయె. నాకు పోయింది ఎట్లయిన పోయింది."

"మీ ఆవిడకి చెప్పలేదా?"

"చెప్తే ఊకుంటదా. మీ మీదికి వస్తది."

కడిగిన గ్లాసులో నీళ్ళు తీసుకుని అమృతమ్మ వస్తోంది. నీళ్ళు తాగండమ్మా, ఎండన పడి వచ్చిండ్రు అంది. విశాలాక్షి తాగింది. గ్లాసు తిరిగిచ్చి బయటికొచ్చింది. బస్సులో తార్నాక దాకా నిలబడే వచ్చింది. కూర్చోమని ఒక ముసలాయన జరిగినా కూర్చోలేదు. తనమీద తనకే రోత పుట్టడం ఇంతకుముందు ఎరగదు. కొండలరావు గారి నాలుక చప్పుడు, ఉమాపతి మర్చిపోయిన మొహం, ఇవన్నీ తనకు బయట ఉన్నవనుకుంది. తనూ అలాగే మర్చిపోయింది. మూడురోజులు ఆ సైగ ఆమెకి గుర్తుకే రాలేదు. వచ్చినప్పుడు కూడా సారు సైగగానే గుర్తొచ్చింది.

నాలుగోరోజు కమిటీ మేడమీద మీటింగు హాలులో కూర్చుంది. ముగ్గురు. మధ్యలో రిటైరైన ఒక చీఫ్ ఇంజనీరు, అటూ ఇటూ యూనివర్సిటీ పెద్దలిద్దరు. పక్కన కుర్చీలో కొండలరావు గారు, డిపార్టుమెంటు తరఫున. బల్లమీద టీ కప్పులు, ప్లేటులో బిస్కట్లు. ఆమె కూర్చోగానే ప్లేటు ఆమె వైపు జరిపారు. ఆమెకంటే ముందు లోపలికి వెళ్ళిన ఉమాపతి, అంతకుముందే ఆమెకేసి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చీఫ్ ఇంజనీరు మంచిగానే మాట్లాడాడు. వర్కరు తన తప్పేనని ఒప్పుకున్నాడనీ, ఇంకా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పమనీ అన్నాడు. ఆయన కలం మూత పెట్టేసే ఉంది.

"అతను తనంతట తను పోలేదండి," అంది విశాలాక్షి. "నేను పంపించాను. చేత్తో సైగ చేశాను."

గదిలో కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చీఫ్ ఇంజనీరు కలం మూత తీశాడు. ఆమె ఆగలేదు. ప్రొఫెసరు గారు గుంజవైపు చూపిస్తే తను సైగ చేసిందనీ, కానీ చేసింది తనేననీ చెప్పింది. బస్తాలు ఉండాల్సిన ఎత్తులో ఉంటే గుంజ దగ్గర మనిషున్నా దెబ్బ తగిలేది కాదంది. బోల్టులు ఆ వేగానికి పనికొచ్చేవి కావనీ, అది తనకి ముందే తెలుసనీ, ఉమాపతికి తెలుసనీ, సారుకి తెలుసనీ చెప్పింది. మీటరు ముల్లు ఎక్కడిదాకా పోయిందో చెప్పింది.  చెబుతున్నకొద్దీ ఒక్కొక్క బరువూ దిగుతున్నట్టే ఉంది.

చీఫ్ ఇంజనీరు చెయ్యెత్తి ఆపాడు. ఒక్కొక్కటిగా చూద్దామమ్మా అన్నాడు. బోల్టులు, వేగం ఇవన్నీ సాంకేతిక విషయాలు, వాటికి వేరే నిపుణులున్నారు, ఈ కమిటీ పరిధిలోకి రావు. బస్తాలు దించమని ఎవరైనా చెప్పగా విన్నావా అని అడిగాడు. వినలేదంది ఆమె. ప్రొఫెసరు గారు వర్కర్ని పంపించమని నీతో అన్నారా అని అడిగాడు.  మాటతో అనలేదంది. సరే, మరి పంపించింది నువ్వేనంటావు. అవునంది. ఆయన రాసుకున్నాడు. రాసిన ఆ ఒక్క ముక్కనీ పక్కనున్న ఇద్దరికీ వినిపించాడు. వాళ్ళు తలలూపారు.

విశాలాక్షి కొండలరావు గారి వైపు చూసింది. కోపంగా ఉంటారనుకుంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. నాలుగు రోజులుగా బిగుసుకుపోయిన భుజాలు కిందికి దిగాయి. మొహంలో ఏదో కాంతి వచ్చింది. ముందుకు వంగి కమిటీతో అన్నారు, "చిన్నపిల్లండీ. కంగారులో చేసింది. ధైర్యంగా ఒప్పుకుంది చూశారూ, అది గొప్ప విషయం. దయచేసి దీన్ని పెద్దది చెయ్యొద్దు. మా అమ్మాయిలాంటిది."

చీఫ్ ఇంజనీరు మెచ్చుకోలుగా ఆయనకేసి చూశాడు. ప్లేటు మళ్ళీ ఆమె వైపు జరిగింది. బిస్కట్లమీద పంచదార పలుకులు మెరుస్తున్నాయి. ఆమె ముట్టుకోలేదు. తను విప్పి చెప్పినవాటిలో వాళ్ళకి కావలసింది ఒక్కటే దొరికింది. మిగతావి మర్యాదగా పక్కకు జరిపేశారు. తను నిజం చెప్పింది, అది ఆయనకి ఊడిగం చేసింది. ఆ నిజాన్ని వెనక్కి తీసుకోవడానికీ లేదు.

వర్కరు పై ఉద్యోగి సూచన ప్రకారమే వెళ్ళాడు కాబట్టి నష్టపరిహారానికి అర్హుడేనని అప్పుడే అన్నారు. ఆమెను రోటరు పనినుంచి తప్పించి ఫిజిక్సు లాబరేటరీలో ప్రాక్టికల్సు చెప్పడానికి పంపుతారట. ఆ మాట కొండలరావు గారే మెట్లదగ్గర, తన చెయ్యి ఆమె తలమీద పెట్టి చెప్పారు. వెచ్చగా, మెత్తగా ఉందా చెయ్యి. ఆమె పక్కకు జరిగింది. చెయ్యి ఒక్కక్షణం గాల్లో ఉండి, తర్వాత జుబ్బా జేబులోకి వెళ్ళింది.

"చేసింది నేను, సార్," అంది. "కానీ నాలుక చప్పరించింది మీరు."

ఆయన విననట్టే మెట్లు దిగారు.

షెడ్డుకి వెళ్ళి తాళాలు ఉమాపతికి ఇచ్చేసింది. మొత్తానికి సారుకి బాగా కలిసొచ్చిందండీ అన్నాడతను, తాళాలు లెక్కపెట్టుకుంటూ. ఎత్తిపొడుపు కాదది. తేలికపడ్డవాడి మాట. ఆమె మీటరు మీద గుడ్డ కప్పి, తన డబ్బా, గొడుగు తీసుకుని నడుచుకుంటూ తార్నాక బస్టాపుకి వచ్చింది. ఇంటికి పోయే దారి కుడివైపు. ఆమె సికింద్రాబాద్ బస్సెక్కింది.

వార్డులో చూడవచ్చినవాళ్ళు పోయే వేళయింది. అమృతమ్మ నిన్నటి బత్తాయి ఒకటి ఒలిచి, తొనలు విడదీసి, గింజలు తీసి మొగుడికి పెడుతోంది. పెడుతూనే అంటోంది, ఇగ ఒంటిచేత్తో ఏం పని చేస్తవు, నిన్నెవరు పొమ్మన్నరు గాడికి. విశాలాక్షిని చూసి లేవబోయింది.

"కూర్చో అమృతమ్మా." విశాలాక్షి స్టూలుమీద కూర్చోలేదు. "పొమ్మన్నది నేను. నేనే సైగ చేసి పంపాను. లక్ష్మయ్య నా కోసం అబద్ధం చెప్పాడు. ఇవాళ కమిటీలో చెప్పేశాను. పరిహారం వస్తుందన్నారు."

లక్ష్మయ్య కళ్ళు మూసుకున్నాడు. అమృతమ్మకు వెంటనే అర్థం కానట్టుంది. బత్తాయి తొన వేళ్ళమధ్య అలాగే ఉంది. మొగుణ్ణి చూసింది. మళ్ళీ విశాలాక్షిని చూసింది.

"మీరా?"

"నేనే."

"నాలుగు దినాల సంది ఈయననే తిడుతున్న," అంది అమృతమ్మ. గొంతు పెరగలేదు. "చెయ్యి తీసేసిన నాడు గూడ తిట్టిన. తెలివి వచ్చి కండ్లు దెరవంగనే తిట్టిన. నిన్న మీరు గీడ్నే కూసున్నరు. వింటున్నరు."

విశాలాక్షి దగ్గర సారు అలా చూశారనీ, తనకు ఆ సంగతి తోచలేదనీ చెప్పడానికి మాటలున్నాయి. అవి నోటిదాకా వచ్చాయి. మింగేసింది.

అమృతమ్మ లేచింది. మంచం పక్కన చెక్కపెట్టె మీదున్న బత్తాయిల సంచి తీసి, చేతిలోని తొన కూడా అందులో వేసి, విశాలాక్షి చేతికిచ్చింది. ఇవ్వడంలో విసురు లేదు. "పైసలు వస్తే రానియ్యిండ్రి. మీరు మాత్రం ఇగ రాకుండ్రి."

అంత సూటిగా నాలుగు రోజులనుంచీ ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. విశాలాక్షి సంచి తీసుకుంది. చెమ్మగా ఉంది. తల ఊపి, మంచాల మధ్యనుంచి నడిచింది. వార్డు తలుపుదగ్గర నర్సు ట్రాలీ అడ్డొస్తే దారివ్వడానికి ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

అమృతమ్మ నేలమీద కూర్చోలేదు. మంచం పట్టెమీద, కట్టున్న వైపు, జాగ్రత్తగా చోటు చేసుకుని కూర్చుంది. కొంగు తడిపి మొగుడి మొహం తుడుస్తోంది. నుదురు, కళ్ళు, గడ్డం కింద. లక్ష్మయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆమె ఏదో అంటోంది, చాలా తగ్గు గొంతుతో. నాతోనన్న చెప్పొద్దానయ్యా అన్నమాట ఒక్కటే తలుపుదాకా వినిపించింది. లక్ష్మయ్య తనకు మిగిలిన చేతిని ఎత్తి ఆమె మోకాలుమీద పెట్టాడు.

ట్రాలీ వెళ్ళిపోయింది. విశాలాక్షి బయటికి నడిచింది.